చికాగోకి దారి ఉత్తరాన



ఎండాకాలం మొదలైతే శంషాబాద్ విమానాశ్రయంలో పెద్దవాళ్ల సందడి పెరుగుతుంది. పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడులు, సున్నుండలు సర్దుకుని అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో బయల్దేరిన తల్లిదండ్రులు వాళ్లు. విమానం ఎక్కి కూర్చున్నాక ఎదుటి సీటు వెనకున్న తెర మీద ఒక పటం కనిపిస్తుంది. దాని మీద బొమ్మ విమానం, అది నడిచే గీత. ఆ గీత తిన్నగా ఉండదు. పైకి లేచి, గ్రీన్‌లాండ్ దాకా ఎక్కి, మళ్లీ వంగి కిందికి దిగుతుంది. "అమెరికా పడమర దిక్కున కదా ఉంది, ఈ పైలట్ ఏమిటి ఇంత చుట్టు తిప్పుతున్నాడు?" అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. రావాలి కూడా. చాలా మంచి అనుమానం అది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే భూమి ఆకారం, గాలి నడక, కొండల ఎత్తు, దేశాల మధ్య తగాదాలు, అన్నీ ఒక్క గీతలోనే కనిపిస్తాయి.

ముందు పటం సంగతి చూద్దాం. బత్తాయి తొక్కను చిరగకుండా ఒలిచి బల్ల మీద చదునుగా పరచాలని చూడండి. ఎక్కడో ఒకచోట చిరగాలి, లేదా సాగాలి. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచేటప్పుడూ అదే జరుగుతుంది. మన బడి గోడల మీద ఎక్కువగా చూసిన ప్రపంచ పటం తీరును గెరార్డస్ మెర్కేటర్ 1569లో తయారుచేశాడు. ఆయన చిరగనివ్వలేదు, సాగదీశాడు. ధ్రువాల వైపు పోయేకొద్దీ పటంలో నేల సాగుతూ పోతుంది. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదే.

దీనికి మెర్కేటర్‌ని తప్పుపట్టకూడదు. ఆయన పటం గీసింది ఓడ నడిపేవాళ్ల కోసం. ఆ పటం మీద రెండు రేవుల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత పొడవునా దిక్సూచి ఒకే కోణం చూపిస్తుంది. సముద్రం మధ్యలో ఉన్న నావికుడికి అంతకంటే కావలసింది లేదు. ఒక కోణం పట్టుకుని పోతే రేవు చేరతాడు. కానీ అలా పోయే దారి అన్నిటికంటే దగ్గరి దారి కాదు. ఈ తేడాను పెడ్రో నూనెస్ అనే పోర్చుగీసు గణితవేత్త మెర్కేటర్ కంటే ముందే, 1537లోనే వివరించాడు.

మరి దగ్గరి దారి ఏది? భూమిని సరిగ్గా కేంద్రం గుండా కోస్తే, కోసిన అంచు భూమి ఉపరితలం మీద ఒక వృత్తంగా కనిపిస్తుంది. భూమి మీద గీయగల అతిపెద్ద వృత్తం అది. దాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ఎదురెదురుగా ఉన్న రెండు రేఖాంశాలను కలిపితే అదీ మహావృత్తమే. భూమి మీద ఏ రెండు ఊళ్లను తీసుకున్నా, వాటి గుండా పోయే మహావృత్తంలోని చిన్న ముక్కే వాటి మధ్య అతి దగ్గరి దారి. దీన్ని చూడడానికి లెక్కలు అక్కర్లేదు. ఒక గ్లోబు, ఒక దారం చాలు. దారాన్ని హైదరాబాద్ దగ్గర ఒక వేలితో, చికాగో దగ్గర ఇంకో వేలితో నొక్కిపట్టి బిగించండి. అది తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది.

ఎందుకు జరుగుతుందో రేఖాంశాలే చెబుతాయి. హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల తూర్పున ఉంది. చికాగో సుమారు 88 డిగ్రీల పడమరన ఉంది. రెండింటి మధ్య 166 డిగ్రీలు. 180 అయితే సరిగ్గా భూమికి అవతలి పక్క. అంటే చికాగో మనకు పడమరన ఉన్న ఊరు అనుకోవడం కంటే, ఉత్తర ధ్రువానికి ఆవలి వైపున్న ఊరు అనుకోవడమే నిజానికి దగ్గర.

లెక్క కడితే ఈ దారి పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. గోడ పటం మీద స్కేలు పెట్టి గీసిన గీతను పట్టుకుని అరేబియా సముద్రం, సౌదీ ఎడారి, ఈజిప్టు, సహారా, అట్లాంటిక్ మీదుగా ఒకే కోణంలో పోతే సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. తేడా 2,800 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి కశ్మీర్‌కి ఉన్న దూరమంత! పటంలో తిన్నగా కనిపించే గీతే చుట్టుదారి, వంకరగా కనిపించేదే అడ్డదారి.

ఆ దారం కింద ఏ నేల ఉందో చూడండి. శంషాబాద్ నుంచి లేచి ఇంచుమించు ఉత్తరంగా, ఢిల్లీకి కొంచెం పడమరగా, కశ్మీర్ మీదుగా పామీర్ పర్వతాల మీదికి. అక్కడి నుంచి కజకిస్తాన్ మైదానాలు. ఉరల్ పర్వతాలకు తూర్పున రష్యాలోకి అడుగుపెట్టి, ఉత్తరాన బారెంట్స్ సముద్రం. తరువాత నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. ఇంచుమించు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర దారం పతాక స్థాయికి చేరుతుంది. అక్కడి నుంచి దిగడం. గ్రీన్‌లాండ్ మంచు, బాఫిన్ అఖాతం, కెనడాలోని హడ్సన్ అఖాతం, మహా సరస్సులు, చికాగో. జూన్ నెలలో పోతే ఆ 79 డిగ్రీల దగ్గర సూర్యుడు అసలు అస్తమించడు.

ఇందులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచే విషయం దిక్కులది. ఈ దారిన పోయే విమానం హైదరాబాద్ వదిలేటప్పుడు ఉత్తర దిక్కుకి కేవలం 12 డిగ్రీలు పడమరగా ముక్కు పెడుతుంది. చికాగో చేరేటప్పుడు ఇంచుమించు దక్షిణంగా దిగుతుంది. పడమటి దేశానికి ప్రయాణం, కానీ బయల్దేరింది ఉత్తరానికి, చేరింది దక్షిణం వైపు దిగుతూ. నడుమ విమానం ఎక్కడా పెద్దగా మలుపు తిప్పలేదు. నేల మీద తిన్నగా పోతూనే ఉంది. మారింది దిక్కులే. అంటే మహావృత్తం మీద పోయేవాడు దిక్సూచి ముల్లును ఒకేచోట నిలిపి పోలేడు, గంట గంటకీ కోణం మార్చుకుంటూ ఉండాలి.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ పని చేతితో చేసేవారు. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఎగిరాడు. బయల్దేరక ముందు ఆయన మహావృత్తం దారిని పటం మీద నూరేసి మైళ్ల ముక్కలుగా విడగొట్టుకున్నాడు. ఒక్కో ముక్క అప్పటి విమానానికి ఇంచుమించు గంట ప్రయాణం. గంట కాగానే కొత్త కోణం. నిద్ర లేక, మంచు మేఘాల్లో చిక్కుకుని, రేడియో కూడా లేకుండా ఆ గంటల లెక్కనే నమ్ముకుని పోయి, ఐర్లండ్ తీరాన్ని తాను అనుకున్న చోటికి చాలా దగ్గరలోనే పట్టుకున్నాడు. ముప్పై మూడున్నర గంటలకు పారిస్‌లో దిగాడు. ఆయన ధైర్యాన్ని లోకం మెచ్చుకుంది. ఆ లెక్కను కూడా అంతే మెచ్చుకోవాలి.

ఆ కోణం లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పే సంఘటన కూడా ఒకటుంది. 1983 ఆగస్టు 31న కొరియన్ ఎయిర్ లైన్స్ 007 విమానం న్యూయార్క్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి సియోల్‌కి బయల్దేరింది. దారి లెక్క కట్టే యంత్రాలు విమానంలో ఉన్నాయి. ఆటోపైలట్ మాత్రం వాటిని అనుసరించకుండా ఒకే దిక్సూచి కోణం పట్టుకుని పోయిందని దర్యాప్తులో తేలింది. మొదట్లో కొద్ది కిలోమీటర్ల తేడా. గంటలు గడిచేకొద్దీ అది వందల కిలోమీటర్లయింది. విమానం సోవియట్ గగనతలంలోకి పోయింది. సఖాలిన్ దీవి దగ్గర సోవియట్ యుద్ధ విమానం దాన్ని కూల్చింది. 269 మంది చనిపోయారు. ఆ తరువాతే అమెరికా అధ్యక్షుడు రీగన్, అప్పటికి సైన్యం కోసం తయారవుతున్న జీపీఎస్‌ను మామూలు ప్రజల విమానాలకూ అందిస్తామని ప్రకటించాడు. ఈ రోజు మన జేబులో ఫోను దారి చూపిస్తోందంటే అందులో ఆ 269 ప్రాణాల ఊసు ఉంది.

ఈ దూరాల లెక్క పెద్ద రహస్యమేమీ కాదు. రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాల మధ్య తేడా, వాటి సైన్, కొసైన్ విలువలు తెలిస్తే చాలు. పదో తరగతిలో త్రికోణమితి చదివిన పిల్లలు క్యాలిక్యులేటర్ పట్టుకుని చేయగలరు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన ఆర్యభటీయంలో సైన్ పట్టికకు కావలసిన విలువలు ఇచ్చాడు. అందులోని చివరి భాగం పేరు గోలపాదం. గోళం మీద లెక్కలు కట్టే విద్య మన నేల మీద అంత పాతది.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. దారం చూపించిన దారినే విమానాలన్నీ పోతాయా? పోవు. దారానికి దూరం ఒక్కటే తెలుసు. గాలి సంగతి తెలియదు.

నేలకు తొమ్మిది పది కిలోమీటర్ల పైన, విమానాలు తిరిగే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహాలు పోతుంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వాటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. ఎదురొస్తే విమానం వేగాన్ని తగ్గిస్తాయి, వెనక నుంచి వస్తే తోస్తాయి. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా నేరుగా నడిపే విమానం కథ దీనికి మంచి ఉదాహరణ. ఆ రెండు ఊళ్ల మధ్య మహావృత్తం దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. మొదట్లో ఆ విమానం అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు తిరిగి పోయేది. 2016 అక్టోబరులో దాన్ని అటునుంచి ఇటు మార్చి, తూర్పుగా చైనా, జపాన్ మీదుగా పసిఫిక్ మహాసముద్రం దాటించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. అంతకుముందు పట్టేదానికంటే సుమారు రెండు గంటలు తక్కువ! గాలి వెనక నుంచి తోసింది మరి. పైలట్‌కి కావలసింది తక్కువ దూరం కాదు. తక్కువ సమయం, తక్కువ ఇంధనం.

2021 జనవరిలో ఇంకో ప్రయాణం దేశమంతా వార్త అయింది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి నేరు విమానం. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా, సుమారు 16,000 కిలోమీటర్లు, దాదాపు 17 గంటలు ఎగిరి జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. ఆ రెండు ఊళ్ల మధ్య మహావృత్తం దారి ధ్రువాన్ని తాకదన్న సంగతిని ఇక్కడ గమనించాలి. లెక్క ప్రకారం అది అలాస్కా వైపు నుంచి తూర్పు సైబీరియా మీదుగా, 71 డిగ్రీల అక్షాంశం దాటకుండా, 14,000 కిలోమీటర్లలో అయిపోతుంది. అయినా వాళ్లు ఇంకా పైకి, ధ్రువం వైపు పోయారు. పడమటికి పోయే విమానానికి జెట్ స్ట్రీమ్ ఎదురుగాలి అవుతుంది. ఆ గాలి బలం ధ్రువం దగ్గర తగ్గుతుంది. చుట్టు పెరిగినా ఇంధనం ఆదా అవుతుందన్నది ధ్రువపు దారి వెనక ఉన్న ఆలోచన.

ధ్రువం మీదుగా పోవడం తేలిక కాదు. అక్కడ చలికాలంలో బయటి గాలి మైనస్ 60 డిగ్రీల కంటే చల్లగా ఉండవచ్చు. మామూలుగా వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకని రెక్కల్లోని ఇంధనం ఎంత చల్లబడుతోందో పైలట్లు కనిపెడుతూ ఉండాలి. మరీ చల్లబడితే కొంత కిందికి, కాస్త వెచ్చటి గాలిలోకి దిగాలి. అయస్కాంత ధ్రువం దగ్గరవుతుంది కాబట్టి దిక్సూచి నమ్మదగ్గది కాదు. సూర్యుడి మీద తుపాను రేగిన రోజున రేడియో మూగబోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయం దొరకడం ఒక ఎత్తు. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజను ఆగిపోయినా మిగిలిన దానితో నిర్ణీత సమయంలోపు, చాలా విమానాలకు మూడు గంటల లోపు, ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. దారి మొత్తం ఆ నియమానికి లోబడి ఉండాలి. మహావృత్తం ఎంత దగ్గరైనా ఆ నియమం దాటితే పనికిరాదు.

ఎత్తయిన కొండలదీ అదే కథ. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైనుంచి ఆక్సిజన్ మాస్కులు జారతాయి. వాటిలో ప్రయాణికులకు వచ్చే ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకు మించదు. ఆలోగా మామూలుగా ఊపిరి పీల్చుకోగల ఎత్తుకి, అంటే సుమారు మూడు కిలోమీటర్లకి దిగిపోవాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దిగడానికి చోటేది? అందుకే అక్కడ ప్రత్యేక ఏర్పాట్లు, ముందే గుర్తించిన తప్పించుకునే దారులు లేకుండా ఎవరూ పోరు. చాలా విమానాలు పక్కనుంచే పోతాయి.

గాలి, చలి, కొండ, ఇవన్నీ ప్రకృతి పెట్టిన అడ్డంకులు. మనిషి పెట్టిన అడ్డంకి వీటన్నిటికంటే పెద్దది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ ఆకాశం పడమటి దేశాల విమానాలకు ఇంచుమించు మూసి ఉండేది. 1954 నవంబరులో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగెన్ నుంచి గ్రీన్‌లాండ్, కెనడాలో ఆగుతూ లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరపు దారి తెరిచింది. 1957లో అదే సంస్థ యాంకరేజ్ మీదుగా టోక్యోకి పోవడం మొదలుపెట్టింది. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు యూరప్ నుంచి జపాన్ పోయే ప్రయాణికులు చాలామంది అలాస్కా మంచులో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చేది. గ్లోబు మీద దగ్గరి దారి సైబీరియా మీదుగా ఉంది. ఆ తలుపు చాలామందికి తెరుచుకోలేదు. సోవియట్ యూనియన్ పోయాకే ఆ ఆకాశం విశాలంగా తెరుచుకుంది.

అది మళ్లీ మూసుకుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా, కెనడా విమానాలకు రష్యా మీద దారి పోయింది. ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిది గంటల చిల్లర ప్రయాణం పదమూడు గంటలయింది. మన విమానాలకు రష్యా దారి మిగిలింది గానీ, 2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గాంలో జరిగిన ఉగ్రవాద దాడి తరువాత పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. మనమూ వాళ్లకు మూశాం. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని దక్షిణంగా చుట్టు తిరిగి, వియన్నా లాంటి చోట్ల ఇంధనం కోసం ఆగవలసి వచ్చింది. కారణాలు ఎవరివైనా కావచ్చు, బలమైనవే కావచ్చు. మూసిన ఆకాశానికి వెల కట్టేది మాత్రం అదనపు గంటలు కూర్చున్న ప్రయాణికుడు, అదనంగా కాలిన ఇంధనం. పక్కపక్క దేశాలు ఒకరి నెత్తి మీద ఒకరిని పోనివ్వలేని స్థితి ఎక్కువకాలం నిలవకూడదని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

చివరిగా, వేసవిలో ప్రయాణం పెట్టుకున్నవారికి పనికొచ్చే మాట ఒకటి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరు విమానం మొదలుపెట్టింది గానీ, అది కొనసాగలేదు. మన వాళ్లలో ఎక్కువమంది పోయేది దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఊళ్లలో మారుతూనే. చికాగోకి దుబాయ్ మీదుగా పోతే చుట్టు చాలా అవుతుందని, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే ఇంకా ఎక్కువని కొందరు అనుకుంటారు. లెక్క చూడండి. మహావృత్తాల ప్రకారం హైదరాబాద్, దుబాయ్, చికాగో కలిపి సుమారు 14,200 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు 14,100. నేరు దారి కంటే తొమ్మిది వందలు, ఎనిమిది వందల కిలోమీటర్లే ఎక్కువ. విమానానికి అది గంట పని. మీ సమయాన్ని తినేది ఆ చుట్టు కాదు, మధ్య ఊళ్లో కూర్చునే వేళ. కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు పటం చూసి బెంగపడకండి. రెండో విమానానికి ఎన్ని గంటలు ఆగాలో చూసుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా పోతుంటే ఆ విరామం మూడు గంటలకు తగ్గకుండా, అయిదు గంటలకు మించకుండా ఉంటే మంచిది. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్‌తో పాటే అడిగి రాయించుకోండి. క్షేమంగా వెళ్లిరండి.